మెడ విరిగిన ఈతగాడు

రొమ్ములోతు నీటిలోనికి తలక్రిందుగా దూకిన యువకుడొకడు పైకి తేలి, ముఖము నీటిలోనే ఉండగా కదలక మెదలక పడియున్నాడనుకొందము. ఒడ్డుననున్న మిత్రులు అతడు పరిహాసమాడుచున్నాడని తలచి నవ్వుదురు. అతడు కేక వేయలేడు; నోరు నీటిలో నున్నది. చేయి ఊపలేడు, చేయి అతని మాట వినుట మానినది. స్పృహ మాత్రము చెడలేదు. ఊపిరి బిగబట్టి, ఎవరైనను వచ్చి తన్ను వెల్లకిల త్రిప్పుదురేమోయని ఎదురుచూచుచున్నాడు.

ఇట్టివానిని రక్షింపవచ్చిన వానికి రెండు కర్తవ్యములు ఒక్కసారి ఎదురగును. ఊపిరికొరకు త్వరపడవలెను, మెడకొరకు నెమ్మదింపవలెను. ఒకదానికి నిమిషములే గడువు. రెండవదానికి ఒక్క కుదుపు చాలును. నీట మునిగినవారిని బ్రతికించు విద్యకు రెండున్నర శతాబ్దముల చరిత్ర కలదు. అందు మొదటి రెండు శతాబ్దములును త్వరపడుటను నేర్చుకొనుటలోనే గడచినవి. మెడ సంగతి ఆ తరువాతగాని ఎవరికిని తట్టలేదు. అది అంత ఆలస్యమగుటకు కారణమేమో తెలిసికొన్నచో, ఈనాడు సముద్రతీరములందు కావలికాయు రక్షకులు చేయుచున్న పనిలోని మర్మము బోధపడును.

మొదట ఆ మెడ ఎట్లు విరుగునో చూతము. మన మెడలో ఏడు వెన్నుపూసలు కలవు. వాని నడుమనున్న మార్గమున, చిటికెనవ్రేలి లావున, వెన్నుపాము దిగుచుండును. మెదడు ఇచ్చు ఆజ్ఞలు కాలుసేతులకు చేరుటయు, ఒంటికి తెలియు వేడి, చలి, నొప్పి మెదడునకు చేరుటయు ఈ త్రాటిమీదుగానే. తల ముందుగా దూకినవాని తల అడుగు తగిలి ఆగిపోవును. వెనుక వచ్చుచున్న మొండెము ఆగదు. దాని బరువంతయు మెడపై పడును. తరచుగా పగులునవి ఐదవ, ఆరవ పూసలు. అచ్చట పాము నలిగినచో కాళ్లు పూర్తిగను, చేతులు చాలవరకును చచ్చుబడును. అంతకు పైభాగమున నలిగినచో ఊపిరితిత్తులను నడపు కండరములే పనిచేయక శ్వాస నిలిచిపోవును. అయితే పూస విరిగినంత మాత్రమున పాము తెగినదనుకొనరాదు. పూస విరిగియు, పాము కొంతయో అంతయో చెక్కుచెదరక మిగిలియుండుట కలదు. ఒడ్డునకు చేర్చువాని చేతిలో నున్నది ఆ మిగిలిన భాగమే.

ఇందులకు సముద్రమే కావలెనను నియమము లేదు. వేసవి మధ్యాహ్నమున బావిగట్టు మీదినుండి దూకు కుర్రవాండ్రను చూడని పల్లె మన దేశమున నుండదు. సంక్రాంతినాడు నిండుగానుండిన బావి వేసవి వచ్చుసరికి ఎంతో దిగిపోవును. దూకువాని కన్ను మాత్రము పాత లోతునే లెక్కించుచుండును. కాలువలకు నీరు కట్టివేయు దినములలో లాకులవద్ద నిలిచిన మడుగులును అట్టివే. పైనుండి చూచిన నీరు నీరుగానే కనబడును; అడుగున రాయి ఎంత దూరమున నున్నదో చెప్పదు.

ఈ గాయమును గూర్చిన అత్యంత ప్రాచీనమైన వ్రాత ఈజిప్టునందు లభించినది. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికనుడు లక్సరు పట్టణమున ఒక పాపిరస్ చుట్టను కొనెను. అది క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటిది. అంతకు మిక్కిలి పూర్వపు గ్రంథమునకు ప్రతి. దానిని జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అను పండితుడు చదివి 1930లో ప్రకటించెను. అందు నలుబది యెనిమిది గాయములు తలనుండి క్రిందికి వరుసగా వర్ణింపబడినవి. మెడపూస తొలగినవానికి కాలుసేతుల తెలివి యుండదనియు, మూత్రము తనకు తెలియకయే పోవుననియు ఆ వైద్యుడు గుర్తించినాడు. మరియొక చోట మెడపూస ఒకటి రెండవదానిలోనికి క్రుంగుటకు కారణము తలక్రిందుగా పడుటయే యని స్పష్టముగా వ్రాసినాడు. నేటి వైద్యుడు రోగిని చూచి చెప్పునదియు ఇంచుమించుగా అదియే. ఇక చికిత్స మాటయో? ఇట్టివానికి చికిత్స చేయదగదని ఆతని తీర్పు. మా దృష్టిలో అది నిర్దయ కాదు. చేయగలిగినది లేనప్పుడు లేదనుటయే వైద్యుని నిజాయితీ. కాని ఆ తీర్పు మూడువేల యేండ్లకు పైగా చెల్లుబడియగునని ఆతడూహించియుండడు.

ఇక నీటి కథ. కాలువల నగరమైన ఆంస్టర్డాములో 1767లో మునిగినవారిని బ్రతికించుటకు ఒక సంఘము వెలసినది. దానిని చూచి 1774లో లండను నగరమున విలియం హాస్, థామస్ కోగన్ అను వైద్యులిద్దరు అట్టిదానినే నెలకొల్పిరి. నీటినుండి తీసిన మనిషి చచ్చినట్లు కనబడినను చావలేదేమోయని అనుమానించుట ఆనాటికి క్రొత్త సంగతి. ఆ అనుమానమే వేలకొలది ప్రాణములు నిలిపినది. అయితే ఆ కాలమున అవలంబింపబడిన పద్ధతులు వినిన నేడు ఒళ్లు జలదరించును. మునిగినవానిని పీపాపై బోర్ల పరుండబెట్టి ముందునకు వెనుకకు దొర్లించిరి. పొగాకు పొగను గుదద్వారమున ఎక్కించిరి. పరుల అజ్ఞానమునకు నవ్వుటకు ముందు, మునిగినవానిని కాళ్లు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీయుటయు, భుజమున వేసికొని గిరగిర త్రిప్పుటయు మన గ్రామములలో ఎన్నిమారులు జరిగినవో తలచుకొనుట మంచిది.

పందొమ్మిదవ శతాబ్దమున కొంత శాస్త్రీయత ప్రవేశించినది. 1856లో మార్షల్ హాల్, 1858లో సిల్వెస్టర్, 1903లో షేఫర్, 1932లో డెన్మార్కు దేశీయుడైన హోల్గర్ నీల్సన్, ఒకరి తరువాత నొకరు కృత్రిమశ్వాస పద్ధతులు కనిపెట్టిరి. ఒకరు రోగిని ప్రక్కకు దొర్లింపుమనిరి. ఒకరు చేతులు తలపైకి లాగుమనిరి. ఒకరు బోర్లవేసి వీపు నొక్కుమనిరి. మెడ విరిగినవానికి వీనిలో ఏది చేసినను ప్రమాదమే. ఆ సంగతి మాత్రము చర్చకు రానేలేదు.

సముద్రతీరమున కావలి ఒక వ్యవస్థగా రూపొందినది ఆస్ట్రేలియాలో. పగటివేళ సముద్రస్నానము అక్కడ చాలకాలము నిషిద్ధము. 1902లో విలియం గోచర్ అను పత్రికాసంపాదకుడు మాన్లీ తీరమున పట్టపగలు స్నానమాడి ఆ శాసనమును ధిక్కరించెను. నిషేధము సడలినది, జనము కెరటములలోనికి దిగినది, దానితోపాటే మునుగుటయు హెచ్చినది. 1907 నాటికి సిడ్నీ నగరపు బాండై తీరమున స్వచ్ఛంద రక్షకుల సంఘమేర్పడినది. వారు వాడిన సాధనము మన చేద రాట్నమును తలపించును. ఇసుకపై పెద్ద చుట్టురాట్నము. దానికి పొడవైన త్రాడు. త్రాటి కొసను నడుమునకు కట్టుకొని ఒకడు కెరటములనీది మునుగువానిని చేరును. ఒడ్డుననున్నవారు త్రాడు చుట్టి ఇద్దరిని లాగివేయుదురు. 1938 ఫిబ్రవరి 6వ తేదీన, ఆదివారమునాడు, అదే తీరమున వెంటవెంట విరిగిపడిన పెనుకెరటములు జనమును లోనికి ఈడ్చుకొనిపోయినవి. సుమారు 250 మందికి సాయము కావలసివచ్చినది. మరణించినవారు ఐదుగురు మాత్రమే. త్వర అను గుణమునకు అంతకుమించిన నిదర్శనము లేదు.

ఈ విద్య పడమటివారి సొత్తని తలపరాదు. పూరీ సముద్రతీరమునకు పోయినవారు, కోసుగానుండు టోపీలు ధరించి యాత్రికుల చేయిపట్టి కెరటములలో స్నానము చేయించు నోళియాలను చూచియుందురు. వారు ఉత్తరాంధ్ర తీరమునుండి వలసపోయిన తెలుగు బెస్తవారు. పూరీలో పెంటకట అను వారి పల్లె పెద్దది. ఇండ్లలో నేటికిని తెలుగే. అల యెప్పుడు ఎత్తునో, ఎప్పుడు కాలిక్రింది ఇసుకను లాగునో వారికి తెలిసినట్లు గ్రంథములు చదివినవారికి తెలియదు. మనిషి అదుపు తప్పక మునుపే జబ్బ పట్టుకొనుట వారి పద్ధతి. మునిగిన పిమ్మట రక్షించుటకన్న ఇది మేలని మేము తలచెదము.

ఇట్లు దేశదేశముల రక్షకులు చేయి, జుట్టు, చంక, ఏది అందిన అది పట్టి లాగిరి. మెడను గూర్చి వారు ఆలోచింపకుండుట వారి తప్పు కాదు. ఆలోచించి ప్రయోజనమేమి? మెడ విరిగినవాడు ఒడ్డు చేరినను బ్రతుకుట అరుదు. మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము తెగిన సైనికులలో నూటికి ఎనుబదిమంది వరకు మరణించిరని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. వారిని చంపినది మెడ గాయము కాదు. స్పర్శ తెలియని శరీరము పడకపై ఒత్తుకొని పుండ్లుపడును. కదలని మూత్రాశయము కుళ్లును. ఆ విషము రక్తమున కలియును. ఈజిప్టు వైద్యుని తీర్పే అప్పటికిని ఆస్పత్రులలో అమలగుచుండెను.

దానిని కొట్టివేసినవారిలో ముఖ్యుడు లుడ్విగ్ గట్‌మన్. జర్మనీలో పేరుగాంచిన నాడీశస్త్రవైద్యుడు. యూదుడగుటచే 1939లో కుటుంబముతో ఇంగ్లండు చేరెను. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగము ఆయనకు అప్పగింపబడెను. ఆయన వద్ద దివ్యౌషధమేదియు లేదు. ప్రతి రెండు గంటలకు ఒకమారు, రాత్రియనక పగలనక, రోగిని ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు త్రిప్పుట. మూత్రాశయమును శుభ్రముగా నుంచుట. లేచి కూర్చుండబెట్టి పని నేర్పుట. రాత్రివేళ తానే వచ్చి దాదులు త్రిప్పుచున్నారో లేదో చూచెడివాడట. ఇంత సామాన్యమైన పనితో రోగులు చచ్చుట మానిరి. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆయన తన ఆస్పత్రి పచ్చికపై చక్రములకుర్చీలలోని పదునారుగురిచే విలువిద్యాపోటీ నడపెను. 1960లో రోముకు చేరిన ఆ క్రీడలే నేటి పారాలింపిక్స్.

మన సమీపమున ఈ పని వేలూరులో నాటుకొన్నది. అచ్చటి వైద్యకళాశాలలో శస్త్రవైద్యము నేర్చుచున్న మేరీ వర్గీసుకు 1954లో కారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుబడినది. ఆమె చక్రములకుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత న్యూయార్కులో పునరావాసవైద్యము నేర్చి తిరిగివచ్చెను. 1966లో అచ్చట వెలసిన పునరావాసకేంద్రము ఆమె కృషిఫలము. చిత్తూరు, నెల్లూరు సీమలవారికి వేలూరు ఆస్పత్రి పొరుగూరి వంటిదే గనుక, మంచెపైనుండియు, తాటిచెట్టుపైనుండియు పడిన తెలుగువారెందరో అచ్చటికి చేరుచుండిరి.

రోగి బ్రతుకుట మొదలిడిన తరువాతనే, అతడెట్టి స్థితిలో బ్రతుకునను ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్నతోపాటే, అతనిని ఎత్తిన చేతులపైకి దృష్టి మరలినది. 1967 జూలై 30న అమెరికాలోని చెసపీక్ అఖాతమున జోనీ ఎరిక్సన్ అను పదునేడేండ్ల బాలిక లోతు తెలియక తలక్రిందుగా దూకి మెడ విరుగగొట్టుకొన్నది. ముఖము నీటిలోనుండి త్రిప్పుకొనలేకయున్న ఆమెను అక్క చూచి బయటికి తీసినది. ప్రాణము దక్కినది, కాలుసేతులు దక్కలేదు. తరువాతి కాలమున ఆమె నోట కుంచె పట్టి చిత్రములు వ్రాసి ప్రసిద్ధురాలైనది. అదే సంవత్సరము ఫారింగ్టన్ అను వైద్యుడు ప్రకటించిన వ్యాసమొకటి, దారిప్రక్క కారుప్రమాదములలో గాయపడినవారిని తొందరతో ఈడ్చివేయుటను తీవ్రముగా విమర్శించినది. మెడకు పట్టీ, వీపుక్రింద పొడవైన బల్ల, అవి అమర్చిన తరువాతనే కదలించుట ఆయన చెప్పిన పద్ధతి. రహదారి ప్రమాదములకొరకు పుట్టిన ఆ బల్ల క్రమముగా ఈతకొలనులకును, సముద్రతీరములకును చేరినది.

అచ్చట రక్షకులు దానికొక నేర్పును జతచేసిరి. దీనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది. మెడ విరిగినదని అనుమానమున్నప్పుడు రక్షకుడు దూకడు. దూకిన అల లేచి రోగిని కుదుపును. మెల్లగా జారి నీటిలోనికి దిగును. బోర్లపడియున్నవాని రెండు చేతులను మోచేతులకు పైన పట్టి, తలకిరువైపుల పైకి చాపి, చెవులకు గట్టిగా అదిమిపట్టును. రోగి చేతులే రోగి తలకు దబ్బలగును. పిదప అతనిని ముందునకు మెల్లగా జరుపుచు, ఆ జరుగు వేగముతోనే వెల్లకిల త్రిప్పును. ఒక్క క్షణములో ముఖము గాలికి వచ్చును. మెడ మొండెముతోపాటే తిరుగును గాని వేరుగా తిరుగదు. అటుపిమ్మట తల ముందుగా నడిపించుచుండవలెను. అట్లు నడిపించినప్పుడు నీరే దేహమును చక్కగా సాగదీసి నిలుపును. ఆపినచో కాళ్లు మునిగి నడుము వంగును. మునుపు శత్రువుగానుండిన నీరు ఇచ్చట ఉత్తమమైన పరుపుగా మారుట చూడదగినది. కెరటములున్నచోట రక్షకుడు తన వీపును అలకు ఒడ్డి, రోగికి దెబ్బ తగులకుండ కాచును. నలుగురైదుగురు చేరిన పిమ్మట బల్లను నీటిలో ముంచి క్రిందికి జార్చి తేల్చెదరు. ముందు రొమ్మునకు, తరువాత తుంటికి, తొడలకు పట్టీలు, తలకు చివర. తలవద్దనున్నవాడు చెప్పినగాని ఎవరును ఎత్తరాదు.

ఇంత నేర్పును ఊపిరి యున్నవానికే. ఊపిరి లేనివానివిషయము వేరు. 1950ల చివర పీటర్ సఫార్, జేమ్స్ ఎలమ్ మున్నగువారు నోటితో నోటిలోనికి ఊదుటయే పాతపద్ధతులన్నిటికన్న మేలని నిరూపించిరి. అయితే గాలి పోవుటకు తలను వెనుకకు వంచవలెను. మెడ విరిగినవానికి అదియే చేయరాని పని. దవడను మాత్రము ముందునకు నెట్టుట మధ్యేమార్గము. దానితోను గాలి పోనిచో? తల వంచియైనను ఊపిరి పోయవలెనని నేటి నిర్ణయము. ఊపిరి లేనివానికి మెడ నిలిచి లాభము లేదు గదా.

ఈ నిర్ణయమునకు బలము చేకూర్చిన లెక్కయొకటి 2001లో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమునుండి వెలువడినది. నీట మునిగిన 2,244 మందిని పరిశీలింపగా మెడపూస గాయపడినవారు 11 మంది మాత్రమే. ఆ పదునొకండుగురును ఎత్తునుండి పడినవారో, తలక్రిందుగా దూకినవారో, వాహనప్రమాదమునకు లోనైనవారో. ఊరక మునిగినవారిలో ఒక్కరును లేరు. అనగా మునిగిన ప్రతివానికి మెడపట్టీ వెదకుచు ఊపిరిని ఆలస్యము చేయుట పొరబాటు. ఎట్లు నీటిలో పడినాడను ప్రశ్న మొదట అడుగవలెను, చూచినవారు చెప్పవలెను.

బల్ల మాట ఇంకను మిగిలియున్నది. మూడు దశాబ్దములు అది ప్రశ్నింపరానిదిగా నుండెను. 1998లో హాస్వాల్డ్ మున్నగు వైద్యులు ఒక చిత్రమైన పోలికను ప్రకటించిరి. మలేసియాలో బల్లయు, పట్టీయు లేకయే ఆస్పత్రికి వచ్చిన 120 మందిని, అమెరికాలోని న్యూమెక్సికోలో వానితో వచ్చిన 334 మందిని పోల్చిచూడగా, అంగవైకల్యము మలేసియావారిలోనే తక్కువగా నుండెను. ఆ రెండు సమూహములును ఒకేరీతివి కావని ఆక్షేపణలు వచ్చినవి, అవి న్యాయమైనవే. అయినను అనుమానము నాటుకొన్నది. బల్ల గట్టిది. దానిపై గంటలకొలది కట్టియుంచినచో ఊపిరి సులభముగా ఆడదు. స్పర్శ తెలియని వీపు ఒరుసుకొని పుండుపడును. గట్‌మన్ ఏ పుండ్లపై యుద్ధము చేసెనో ఆ పుండ్లకే రక్షణసాధనము దారితీయుచుండెను. 2018లో అమెరికా శస్త్రవైద్యుల, అత్యవసర వైద్యుల సంఘములు కలిసి వెలువరించిన ప్రకటనలో వెన్నును బిగించుట అను మాట పోయి, కదలికను తగ్గించుట అను మాట నిలిచినది.

నేడు తీరరక్షకుల శిక్షణలో రోగి చేతులను చెవులకదుము పట్టు చెక్కుచెదరక నిలిచియున్నది. బల్ల నీటినుండి పొడినేలకు మోయు సాధనముగా మాత్రము మిగిలినది. అచ్చటినుండి రోగిని మెత్తని పడకపైకి మార్చి, బల్లను వీలైనంత త్వరగా క్రిందినుండి లాగివేయుచున్నారు.